తొక్క మాగితేనే ఎరువు: వంటింటి వ్యర్థాలకూ కూరగాయ మొక్కలకూ మధ్య జరిగేదేమిటి?

క్లుప్తంగా: కూరగాయల తొక్కల్లో పోషకాలున్న మాట నిజం. అయితే వాటిలో ఎక్కువ భాగం వేరు పీల్చుకోగల రూపంలో ఉండదు. ఎవరో ఒకరు, గేదె కడుపో, వానపామో, సూక్ష్మజీవులో, వాటిని ముందు జీర్ణం చేయాలి. ఆ పని కుండీ బయట జరిగితే మొక్కకు మేలు, కుండీలోనే జరిగితే తరచు నష్టం. తొక్కల నీళ్లు, గుడ్డు పెంకుల పొడి వంటి చిట్కాల్లో కొన్నింటికి కొంత ఆధారముంది, కొన్నింటికి దాదాపు లేదు. వాటన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చేది గుప్పెడు ఎండుటాకులు.

మిద్దె తోటలు పెరిగినకొద్దీ వంటింటి చెత్త మీద చిట్కాలూ పెరిగాయి. అరటి తొక్కలు నానబెట్టిన నీళ్లు పోస్తే పూత ఆగదని ఒకరు, గుడ్డు పెంకులు వేస్తే టమాటా కాయ అడుగు నల్లబడదని ఇంకొకరు, ఉల్లి పొట్టు నీళ్లకు మించిన మందు లేదని మరొకరు చెబుతున్నారు. అదే చిట్కా ఒక ఇంట్లో బాగా పనిచేస్తుంది. పక్కింట్లో కుండీ నిండా చిన్న చిన్న దోమలు ముసురుతాయి, వంగ మొక్క ఆకులు పసుపెక్కుతాయి, మట్టి పుల్లటి వాసన కొడుతుంది. చిట్కా ఒకటే, ఫలితాలు రెండు. తొక్క మట్టిలో పడ్డాక ఏమవుతుందో చూస్తే తప్ప ఈ తేడా అర్థం కాదు.

కుడితి తొట్టి ఉన్న రోజుల్లో

తెలుగు ఇళ్లలో వంటింటి వ్యర్థాలు మొక్కలకు వేయడం పాత అలవాటేనని అంటుంటారు. అది సగమే నిజం. పాడి ఉన్న ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొడిమలు, మినప్పప్పు కడిగితే వచ్చే పొట్టు, అన్నీ కుడితి తొట్టిలోకి వెళ్లేవి. వాటిలో కాస్త తవుడు కలిపితే అది గేదెకు కుడితి. గేదె వేసిన పేడ పెంటకుప్పలో చేరేది. ఏడాది పొడవునా మాగి, చివికి, వేసవి చివర బండికెక్కి పొలానికి పోయేది. అంటే తొక్కకూ మొక్కకూ మధ్య ఒక పశువు కడుపూ, నెలల తరబడి మాగిన ఒక కుప్పా ఉండేవి.

పెరట్లో నేరుగా పోసినవి తక్కువ. అంట్లు తోమిన నీళ్లు కాలువ కట్టి అరటి, కంద, చేమ పాదులకు మళ్లించేవారు. అప్పట్లో అంట్లు తోమింది బూడిదతో. కట్టెల బూడిదలో పొటాష్, సున్నపు అంశం ఉంటాయి కనుక ఆ నీళ్లలో ఎంతో కొంత సారం ఉండేది. ఇప్పటి గిన్నెల సబ్బు నీళ్లకు ఆ లెక్క వర్తించదు.

ఇంకో సంగతి, అసలు తొక్కలు మిగిలేవే తక్కువ. బీరపొట్టు, ఆనపకాయ చెక్కు రోటి పచ్చడిగా కంచంలోకే వచ్చేవి. బీరకాయ తొక్కకు ఇప్పటికీ అంతకంటే మంచి ఉపయోగం లేదు.

నగరంలో గేదె పోయింది, పెంటకుప్ప పోయింది. తొక్క, కుండీ మిగిలాయి. మధ్యలో జీర్ణం చేసే అంగమే లేకుండా పోయింది. ఈనాటి గందరగోళానికి మూలం ఇక్కడే ఉంది.

కుళ్లడం అంటే ఎవరో తినడం

మొక్క వేరు నత్రజనిని ప్రధానంగా రెండు రూపాల్లో తీసుకుంటుంది: అమ్మోనియం, నైట్రేట్. కాకరకాయ ముక్కలోని నత్రజని మాంసకృత్తుల్లో బిగుసుకుని ఉంటుంది. దాన్ని విప్పాల్సింది బ్యాక్టీరియా, బూజులు. అవి ఆ పని మొక్క కోసం చేయవు, తమ కడుపు కోసం చేస్తాయి. తమకు సరిపోగా మిగిలిందే మట్టిలోకి వదులుతాయి.

ఈ మిగులు ఎప్పుడు ఉంటుందో చెప్పేది కర్బనం, నత్రజనుల నిష్పత్తి. సూక్ష్మజీవి ఒంట్లో సుమారు 8 పాళ్ల కర్బనానికి 1 పాలు నత్రజని ఉంటుంది. తిన్న కర్బనంలో మూడో వంతు మాత్రమే ఒంటికి పడుతుంది, మిగతా రెండు వంతులు ఊపిరిలో బొగ్గుపులుసు వాయువుగా పోతాయి. కాబట్టి దానికి సరైన భోజనం 24 పాళ్ల కర్బనానికి 1 పాలు నత్రజని ఉన్నది. కంపోస్టు పుస్తకాలన్నీ 25 నుంచి 30 అని చెప్పే అంకె ఈ లెక్కలోంచే వచ్చింది.

పచ్చి కూరగాయల వ్యర్థాల్లో ఈ నిష్పత్తి 15 నుంచి 20 ఉంటుంది. ఎండుటాకుల్లో 50 దాటుతుంది. వరి గడ్డిలో 80 చుట్టుపక్కల, రంపపు పొట్టులో కొన్ని వందలు. నిష్పత్తి 20 కంటే తక్కువైతే నత్రజని మిగిలి అమ్మోనియాగా బయటికొస్తుంది. ముక్కు పుటాలు మండించే ఆ ఘాటు వాసన ఎరువు గాలిలో కలిసిపోతోందనడానికి గుర్తు. నిష్పత్తి 30 దాటితే కథ తిరగబడుతుంది. సూక్ష్మజీవులకు నత్రజని చాలక, చుట్టూ మట్టిలో ఉన్నదాన్ని లాక్కుంటాయి. రంపపు పొట్టు కలిపిన కుండీలో తోటకూర పాలిపోయి, ఎదగక కూర్చోవడానికి కారణం ఇదే. చీడ పట్టిందనుకుని మందు కొడితే ఫలితం ఉండదు.

రెండో ఖర్చు ఆక్సిజన్. కుళ్లబెట్టే జీవులు ఊపిరి పీలుస్తాయి, వేళ్లూ పీలుస్తాయి. ఒకే మట్టిలో రెండూ పోటీ పడితే వేగంగా పెరిగే సూక్ష్మజీవులే గెలుస్తాయి. గాలి చాలని చోట ఆమ్లాలు పుట్టించే మరో జాతి బ్యాక్టీరియా పైచేయి సాధిస్తుంది. పుల్లటి వాసన అక్కడిది.

కుండీ వేరు, నేల వేరు

నేలలో అడుగు లోతు గుంత తీసి, రోజువారీ తొక్కలు వేసి మట్టి కప్పే పద్ధతి చాలా ఊళ్లలో ఉంది. అరటి పిలకల మధ్య అలాంటి గుంత బాగానే పనిచేస్తుంది. చుట్టూ ఉన్న మట్టి విశాలం. వేడి పుట్టినా చెదిరిపోతుంది, నీరు కిందికి ఇంకుతుంది, వానపాములు వెతుక్కుంటూ వస్తాయి, అరటి వేరు తనకు నచ్చినప్పుడు అటు పాకుతుంది. నచ్చకపోతే పక్కకు పోతుంది.

కుండీలో వేరుకు పోవడానికి చోటు లేదు. పదిహేను ఇరవై లీటర్ల మట్టి పట్టే గ్రోబ్యాగులో అర కిలో పచ్చి తొక్కలు పాతిపెడితే అది చిన్న కంపోస్టు తొట్టి అయిపోతుంది. మొక్క ఆ తొట్టి మధ్యలో చిక్కుకుంటుంది. పైగా ఆ వాసనకు ఎలుకలు, పందికొక్కులు వచ్చి రాత్రికి రాత్రే కుండీ తవ్వేస్తాయి. నేల మీద చూసి నేర్చుకున్న పద్ధతిని మిద్దె మీద యథాతథంగా వాడడమే చాలా వైఫల్యాలకు కారణం.

ఉప్పు విషయంలో ఈ తేడా మరింత స్పష్టం. మిగిలిన పప్పుచారు, కూర, పచ్చడి అడుగు నేలలో పోస్తే నాలుగు వానలకు ఉప్పు దిగిపోతుంది. కుండీలో అది అక్కడే పేరుకుంటుంది. ఉప్పు ఎక్కువైన మట్టి తడిగా ఉన్నా వేరు నీళ్లు లాక్కోలేదు. ఆకు అంచులు మాడతాయి. నూనె మట్టి రేణువులకు పూతలా అంటుకుని గాలిని ఆపుతుంది. వండిన పదార్థాలను కుండీకి దూరంగా ఉంచమనడానికి కారణం ఈ ఉప్పు, నూనెలే.

అరటి తొక్క లెక్క

చిట్కాల్లో ఎక్కువగా వినిపించేది అరటి తొక్కల నీళ్లు. ఇందులో కొంత నిజముంది. మొక్క ఒంట్లో పొటాషియం ఏ నిర్మాణంలోనూ కట్టుబడి ఉండదు, కణాల రసంలో కరిగే ఉంటుంది. అందుకే తొక్క నానబెడితే అది నీళ్లలోకి సులువుగా దిగుతుంది. నత్రజని, భాస్వరాల్లో ఎక్కువ భాగం తొక్కలోనే ఉండిపోతుంది. కాబట్టి ఆ నీళ్లు సంపూర్ణ ఎరువు కాదు, పలుచటి పొటాష్ నీళ్లు.

ఎంత పలుచన? మామూలు అరటిపండు తొక్క 40 గ్రాములనుకుందాం. అందులో 85 నుంచి 90 శాతం నీరే. మిగిలే నాలుగైదు గ్రాముల ఎండు పదార్థంలో పొటాషియం సుమారుగా పావు గ్రాము, మహా అయితే అర గ్రాము. ఇటు టమాటా వైపు చూస్తే, 100 గ్రాముల పండులో సుమారు 240 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఒక మొక్క 3 కిలోల కాయలిస్తే 7 గ్రాములు కాయల్లోనే పోయాయి. తొక్కల్లోని పొటాషియమంతా ఒక్క చుక్క వృథా కాకుండా చేరిందనుకున్నా, ఒక్క మొక్క కాయలకే పదిహేను నుంచి ముప్పై తొక్కలు కావాలి. ఆకులు, కాండం లెక్క వేరే. పది మొక్కల మిద్దెకు వారానికో రెండు తొక్కలు నానబెట్టిన నీళ్లు పోస్తే నష్టం లేదు, కానీ కాపు పెరిగిందంటే కారణం ఇంకెక్కడో వెతకాలి.

నానబెట్టే కాలం కూడా ముఖ్యం. ఒకటి రెండు రోజుల్లో దిగాల్సింది దిగుతుంది. వారం ఉంచితే తొక్కలోని చక్కెరలు పులిసి, ఈగలు గుడ్లు పెట్టి, సీసా మూత తీయగానే వాసన ఇల్లంతా కమ్ముకుంటుంది. పొటాషియం మాత్రం అప్పటికి పెరిగేదేమీ లేదు. నానిన తొక్కను పారేయకుండా కంపోస్టులో వేస్తే మిగతా పోషకాలూ దక్కుతాయి.

గుడ్డు పెంకు లెక్క

ఇది ఇంకా ఆసక్తికరం. గుడ్డు పెంకు 5-6 గ్రాములుంటుంది, అందులో దాదాపు 95 శాతం కాల్షియం కార్బొనేట్. అంటే ఒక పెంకులో 2 గ్రాములకు పైగా కాల్షియం. చిక్కల్లా అది కరగకపోవడమే. లీటరు శుద్ధమైన నీటిలో కరిగేది 15 మిల్లీగ్రాముల లోపే. పెంకులు మరిగించిన నీళ్లు పోస్తే మొక్కకు అందేది నామమాత్రం.

ఇప్పుడు ఇంటి బోరు నీళ్లు చూడాలి. తాగునీటి భారతీయ ప్రమాణం ప్రకారం కాఠిన్యం, అంటే నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల కొలత, లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా ఆమోదయోగ్యం, వేరే నీటి వసతి లేనిచోట 600 దాకా అనుమతి. తెలంగాణ, రాయలసీమ బోర్లలో 400 ఉండడం వింతేమీ కాదు. బకెట్ అంచున, కుళాయి మూతి దగ్గర పేరుకునే తెల్ల చార అదే. ఈ కాఠిన్యంలో మెగ్నీషియం వాటా కూడా ఉంటుంది. అయినా అలాంటి బోరు నీళ్లు పోస్తున్న ఇంట్లో, పెంకుల నీళ్లు ఇచ్చేదానికంటే ఎన్నో రెట్లు కాల్షియం రోజూ కుండీలోకి పోతూనే ఉంది. నల్లరేగడి మట్టిలో సున్నం ముందే దండిగా ఉంటుంది. అక్కడ పెంకుల పొడి కరగడానికి అవకాశమే లేదు. ఉత్తరాంధ్ర మన్యంలోని ఆమ్ల నేలల్లో, లేదా కొబ్బరి పీచు పొడి ఎక్కువగా కలిపి వాన నీళ్లతో పెంచే కుండీల్లో, మెత్తగా పిండిలా నూరిన పెంకు నెమ్మదిగా కొంత పనిచేయవచ్చు.

మరి టమాటా కాయ అడుగు నల్లబడితే? అది కాల్షియం కాయకు చేరక వచ్చే సమస్యే. కానీ చాలాసార్లు మట్టిలో కాల్షియం లేక కాదు. కాల్షియం మొక్కలో నీటితో పాటే పైకి ప్రయాణిస్తుంది. ఆకులు నీటిని ఎక్కువగా ఆవిరి చేస్తాయి కనుక నీరూ కాల్షియమూ అటే పరుగెత్తుతాయి. కాయ దాదాపు ఆవిరి చేయదు, దాని వంతు చివరి వంతు. 40 డిగ్రీల ఎండలో మిద్దె మీద కుండీ మధ్యాహ్నానికల్లా ఎండిపోయి, సాయంత్రం ఒక్కసారిగా తడిస్తే, ఎదుగుతున్న కాయ చివరకు కాల్షియం అందదు. పరిష్కారం పెంకు కంటే నీటి క్రమంలో ఉంది: రోజూ ఒకే వేళకు నీళ్లు, మట్టి మీద ఎండుటాకుల కప్పు. పైగా పొటాషియం మోతాదు మించితే వేరు కాల్షియం తీసుకోవడం తగ్గుతుంది. బూడిదో, పొటాష్ ఎరువో గుప్పిళ్లతో వేస్తూ, ఆ పక్కనే పెంకులు గుచ్చడం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడమే.

మిగతా చిట్కాలు

టీ పిప్పిలో నత్రజని బాగానే ఉంటుంది, ఎండు బరువులో 3-4 శాతం దాకా. కానీ అది టీలోని వగరు పదార్థాలకు అతుక్కుని నెమ్మదిగా విడుదలవుతుంది. తెలుగు ఇళ్లలో టీ పాలూ చక్కెరా వేసి మరిగించేది కాబట్టి పిప్పిని రెండుసార్లు కడగకపోతే చీమల బారు ఖాయం. కుండీ పైన మందంగా పరిస్తే అట్ట కట్టి నీటిని ఆపుతుంది, కంపోస్టులో కలిపితే ఆ బాధ లేదు.

బియ్యం కడిగిన నీళ్లలో పిండి పదార్థం, కొద్దిపాటి ఖనిజాలు ఉంటాయి. అదే రోజు, ఉప్పు కలవకముందు పోస్తే అభ్యంతరం లేదు. ఏమీ లేకపోయినా నీళ్లు ఆదా. రోజుల తరబడి ఒకే కుండీకి పోస్తే మాత్రం మట్టి మీద తెల్లటి బూజు పొర, దాని వెంట చిన్న దోమలు వస్తాయి. ఉల్లి పొట్టు నీళ్లకు ఉన్న పేరుకు తగ్గ సారం అందులో లేదు.

కరివేప చెట్టుకు పుల్ల మజ్జిగ పోయడం మాత్రం కాస్త ఆలోచించదగ్గ అలవాటు. సున్నపు నేలల్లో పీహెచ్ (మట్టి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) 7.5 దాటితే ఇనుము ఉన్నా వేరుకు దొరకదు, లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉంటూనే మధ్యలో పసుపెక్కుతాయి. మజ్జిగలోని ఆమ్లం వేరు చుట్టూ కొంతసేపైనా ఆ బిగువు సడలించవచ్చు. మజ్జిగ మాంసకృత్తుల్లో నత్రజని కూడా ఉంది. ఉప్పు వేయని మజ్జిగకే ఈ మాట.

నిమ్మ, బత్తాయి తొక్కలు, బెల్లం, నీళ్లు కలిపి మూడు నెలలు పులియబెట్టే బయో ఎంజైము నిజానికి గచ్చు తుడిచే ద్రవం. బాగా పులిసిన ఆమ్లం అది. నీళ్లు కలపకుండా పోస్తే వేళ్లు దెబ్బతింటాయి, బాగా పలుచన చేస్తే పోషకమేమీ మిగలదు.

అసలు కొరత ఎండుటాకులదే

తొక్కలను కుండీ బయట మాగించాలి సరే, అక్కడ ఎందుకు విఫలమవుతున్నారు? చాలా ఇళ్లలో బకెట్‌కు నాలుగు చిల్లులు పెట్టి రోజూ తొక్కలు వేస్తూ పోతారు. పదో రోజుకు అడుగున నల్లటి ఊటనీరు, భరించలేని కంపు. ఇంట్లోవాళ్ల పోరు పడలేక పన్నెండో రోజుకు బకెట్ మూలకు చేరుతుంది.

లోపం ముందు చెప్పిన నిష్పత్తిలోనే ఉంది. వంటిల్లు రోజూ ఇచ్చేది తడి, నత్రజని. ఎండు, కర్బనం బయటి నుంచి తేవాలి. గిన్నెడు తొక్కలకు కనీసం గిన్నెడు, వీలైతే రెండు గిన్నెల ఎండుటాకులు కలిస్తే తేమ పీలుస్తాయి, మధ్యలో గాలి సందులు ఉంటాయి, నత్రజని ఆవిరైపోకుండా నిలుస్తుంది. ఆకులు లేనిచోట చించిన అట్టపెట్టెలు, కొబ్బరి పీచు పొడి పనికొస్తాయి.

విచిత్రం ఏమిటంటే, శిశిరంలో, అంటే మాఘ ఫాల్గుణాల్లో, వేప, రావి, కానుగ ఆకులు రాలి వీధుల పక్కన కుప్పలు పడతాయి. చాలాచోట్ల వాటికి అక్కడే నిప్పు పెడతారు. అదే కాలనీలో రెండంతస్తులు పైన ఎవరో కంపోస్టు కంపు కొడుతోందని బకెట్ మూత బిగిస్తుంటారు. ఆ రెండు నెలల్లో నాలుగైదు గోనె సంచులు నింపుకున్న ఇంటికి వానాకాలమంతా సరిపోతాయి. వానాకాలంలోనే అవి ఎక్కువ అవసరం, దొరకవు కూడా.

తేమ చూడడానికి పరికరాలేమీ అక్కర్లేదు. గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఆకులు తక్కువయ్యాయి. పొడిగా రాలితే నీళ్లు చిలకరించాలి. ఏప్రిల్, మే నెలల్లో తెలుగు ప్రాంతాల్లో కంపోస్టు ఆగిపోయేది ఎక్కువగా ఈ పొడి వల్లే, సూక్ష్మజీవులు చచ్చినట్టు పడి ఉంటాయి.

మాగించే దారులు

కంపోస్టు శాస్త్రంలో భారతదేశానికి పాత వాటా ఉంది. బ్రిటిష్ వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవర్డ్ 1924-31 మధ్య ఇండోర్‌లో పంట వ్యర్థాలను పొరలుగా పేర్చి, తిరగవేస్తూ గాలి తగిలేలా మాగించే పద్ధతిని రూపొందించాడు. సి.ఎన్. ఆచార్య 1939లో బెంగళూరులో పట్టణపు చెత్త కోసం తిరగవేయనక్కర్లేని గుంత పద్ధతి తెచ్చాడు. మొదటిదానికి శ్రమ ఎక్కువ, కాలం తక్కువ. రెండోదానికి శ్రమ తక్కువ, నెలలు ఎక్కువ. ఇంటి మిద్దె మీద చేసేవన్నీ ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటాయి.

పెద్ద కుప్పకూ ఇంటి బకెట్‌కూ ఒక ముఖ్యమైన తేడా వేడి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి అడుగులున్న కుప్ప లోపల 55 నుంచి 65 డిగ్రీల సెగ పుట్టి విత్తనాలు, రోగకారక క్రిములు చస్తాయి. ఇరవై ముప్పై లీటర్ల బకెట్ ఆ సెగను నిలుపుకోలేదు. అందుకే ఇంటి కంపోస్టు వేసిన వంగ కుండీలో అడగకుండానే టమాటా, గుమ్మడి, బొప్పాయి మొలుస్తాయి. అది ఎరువు చెడిపోయిందనడానికి గుర్తు కాదు. అయితే తెగులు సోకిన ఆకులు, పురుగు పట్టిన కాయలు అలాంటి బకెట్‌లో వేయకపోవడం మంచిది.

వానపాములు చిన్న పరిమాణంలోనూ చక్కగా పనిచేస్తాయి, కానీ ఎండ తట్టుకోలేవు. ఎరువుల తయారీలో ఎక్కువగా వాడే ఐసీనియా ఫెటిడా జాతి 35 డిగ్రీలు దాటితే చచ్చిపోయే ప్రమాదం ఉంది. మిద్దె మీద రేకు నీడ, తడి గోనెపట్టా లేకుండా వేసవి గట్టెక్కవు. నిమ్మ తొక్కలు, పచ్చిమిర్చి, ఉప్పు వాటికి పడవు.

జపాన్ నుంచి వచ్చిన బొకాషి పద్ధతి తెలుగువారికి తేలిగ్గా అర్థమవుతుంది. అది చెత్తకు ఊరగాయ పెట్టడమే. తవుడులో పెంచిన సూక్ష్మజీవులను తొక్కల మీద చల్లి, గాలి తగలకుండా మూత బిగిస్తే పులిసి ఊరుతాయి. కంపు ఉండదు. అయితే రెండు వారాల తర్వాత తీసింది ఎరువు కాదు, ఊరిన చెత్త. దాన్ని మళ్లీ మట్టిలో పాతి రెండు మూడు వారాలు ఆగాలి. ఈ రెండో దశ వదిలేసి నేరుగా కుండీలో వేసి మొక్క పోగొట్టుకోవడం తరచు జరిగే పొరపాటు.

వానలు పడగానే డబ్బాలో బూడిద రంగు లావుపాటి పురుగులు తిరుగుతుంటే చాలామంది హడలిపోయి అంతా పారబోస్తారు. చాలాసార్లు అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై పిల్ల పురుగులు. పెద్ద ఈగ దశలో ఇది ఇంట్లో తిండి పదార్థాల మీద ముసిరే రకం కాదు, రోగాలు మోసే ఇంటి ఈగతో దీనికి పోలిక లేదు. పిల్ల పురుగులు కంపోస్టు పనిని ఇంకా వేగంగా చేస్తాయి. అవి విపరీతంగా పెరిగాయంటే తడి ఎక్కువైందని అర్థం, ఎండుటాకులు వేస్తే తగ్గుతాయి.

నెల చెత్తకు ఎరువెంత?

రోజుకు కిలో తడి చెత్త వచ్చే ఇల్లు తీసుకుందాం. అందులో 80 శాతం నీరు పోతే 200 గ్రాముల ఎండు పదార్థం, దానిలో నత్రజని 2 శాతం చొప్పున 4 గ్రాములు. నెలకు 120 గ్రాములు. మాగేటప్పుడు మూడో వంతు గాలిలో కలిసిందనుకుంటే 80 గ్రాములు మిగులుతాయి. 46 శాతం నత్రజని ఉండే యూరియాలో చెప్పాలంటే సుమారు 175 గ్రాములు. నెల రోజుల శ్రమకు అంతేనా అనిపించవచ్చు. పైగా కంపోస్టులోని నత్రజనిలో కొద్ది భాగమే మొదటి పంటకు అందుతుంది, మిగతాది నెలలు, ఏళ్ల మీద విడుదలవుతుంది.

కంపోస్టును యూరియాతో పోల్చడంలోనే తిరకాసు ఉంది. యూరియా నీటిని పట్టి ఉంచదు, మట్టిని గుల్లబరచదు. మిద్దె మీద కుండీ మట్టి రెండేళ్లకు గట్టిపడి అడుగుకు దిగిపోతుంది. దాన్ని మళ్లీ గుల్లబరిచేది కంపోస్టే. ఆకలికి మాత్రం తోడు కావాలి. వంగ, బెండ, మిరప నిండు కాపు మీద ఉన్నప్పుడు ఆ తోడు చెక్క, అంటే గింజల నుంచి నూనె తీయగా మిగిలిన పిప్పి. వేరుశనగ చెక్కలో 7 శాతం, వేప పిండిలో 5 శాతం నత్రజని ఉంటుంది, పశువుల ఎరువులో అర శాతమే. అందుకే అనుభవమున్న మిద్దె తోట పెంపకందార్లు కంపోస్టును మట్టిగా, చెక్కను తిండిగా లెక్కేస్తారు. ఆకుకూరలకు ఆ తోడు లేకుండానే చాలావరకు నడుస్తుంది.

ఇంటి లెక్క చిన్నదైనా ఊరి లెక్క చిన్నది కాదు. భారతీయ నగరాల చెత్తలో దాదాపు సగం కుళ్లేదే. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు తడి, పొడి, ప్రమాదకర చెత్తను ఇంటి దగ్గరే వేరు చేయాలన్నది ఇందుకే. హైదరాబాద్‌లో జవహర్‌నగర్ వంటి డంపింగ్ యార్డుల్లో తడి చెత్త ప్లాస్టిక్‌తో కలిసి గాలి లేని గుట్టల కింద పడితే పుట్టేది మీథేన్. నూరేళ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 రెట్లు వేడి పట్టే వాయువది. గుట్ట కింది నుంచి ఊరే నల్లని నీరు చుట్టుపక్కల బావులు, చెరువుల్లోకి చేరుతుంది. మూడో అంతస్తు బాల్కనీలో మాగిన ప్రతి కిలో అక్కడికి చేరని కిలో.

మాగిందని తెలిసేదెలా?

తయారైన కంపోస్టుకు తొలకరి మట్టి వాసన ఉండాలి, తొక్క ఆనవాలు కనిపించకూడదు. కుప్పలో చేయి పెడితే వెచ్చగా తగలకూడదు, తగిలితే లోపల ఇంకా పని జరుగుతోంది. నగర కంపోస్టుకు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పెట్టిన షరతుల్లోనూ కర్బన, నత్రజనుల నిష్పత్తి 20 లోపు ఉండాలన్నది ఒకటి. ఇంట్లో ఆ పరీక్ష కుదరదు, మెంతులతో కుదురుతుంది. రెండు చిన్న డబ్బాలు తీసుకుని, ఒకదానిలో మామూలు మట్టి, రెండోదానిలో సగం మట్టి సగం కంపోస్టు నింపి, రెండింటిలో ఇరవయ్యేసి మెంతులు చల్లి తడపాలి. నాలుగో రోజుకు రెండు డబ్బాల్లోనూ ఒకేలా మొలిస్తే ఎరువు కుండీకెక్కించవచ్చు. కంపోస్టు డబ్బాలో సగమే మొలిచినా, మొలకల వేరు కొస గోధుమ రంగుకు తిరిగినా, బకెట్‌లో ఇంకో గుప్పెడు ఆకులు కలిపి మరో రెండు మూడు వారాలు నీడలో ఉంచి, మళ్లీ మెంతులు చల్లి చూడాలి.